గోవ్యాఘ్ర సంవాదము - పశుమనస్తత్త్వ విచారము

అనంతామాత్యుని భోజరాజీయమునందలి గోవ్యాఘ్ర సంవాదము ఆంధ్రపాఠకులకు సుపరిచితము. పులివాత బడిన యావు, లేగకు పాలిచ్చి వత్తునని మాట యిచ్చి పోయి, బిడ్డకు బుద్ధులు చెప్పి, ఆడిన మాట తప్పక మరలి వచ్చును. ఆ సత్యమునకు పులి మనసు కరగును. ఈ ఘట్టమును చదివి, కవి పశుహృదయమును కనిపెట్టినాడని మెచ్చుకొనుట సులభము. ఆ మెప్పు ఎంతవరకు నిలుచునో పరిశీలింప దలచితిమి.

ఇందుకు పశువిజ్ఞానచరిత్రలోని యొక వృత్తాంతము దారి చూపగలదు. బెర్లిను నగరమున విల్హెల్మ్ ఫాన్ ఓస్టెన్ అను నుపాధ్యాయుడు హాన్స్ అను తన గుర్రమునకు గణితము నేర్పితినని ప్రకటించెను. అడిగిన లెక్కకు ఉత్తరమెంతయో అన్నిమారులు అది గిట్టతో నేలను తట్టెడిది. 1904లో నొక పరిశీలక సంఘము ఇందు మోసమేమియు కానరాదనెను. పిదప ఆస్కర్ ఫుంగ్స్ట్ పరీక్షలు జరిపి 1907లో ఫలితములను ప్రకటించెను. ప్రశ్నించువానికే యుత్తరము తెలియనప్పుడు గుర్రము తప్పెను. అతడు దాని కంటికి కానరానప్పుడును తప్పెను. తట్టుట సరియైన సంఖ్యకు చేరినంతనే ప్రశ్నించువాని తల, వానికే తెలియకుండ, ఇంచుక కదలుచుండెను. గుర్రము దానిని చూచి ఆగుచుండెను.

ఉత్తరము మనుష్యునిది, ఆ సూక్ష్మచలనమును పట్టిన చూపు మాత్రము గుర్రముదే. గణితము దానికి వచ్చుననుట యొక తప్పు. గణితము రాదు కనుక బుద్ధియే లేదనుట మరియొక తప్పు.

ఈ వివేచనమునే కావ్యమునకు అన్వయింతము. ఆవునకు ఆరోపింపబడిన సత్యవ్రతము, నీతిబోధ కవి యిచ్చిన యుత్తరములు. వాగ్దానమునకు భాష కావలెను. రానున్న కాలమును మాటతో బంధించు నేర్పు కావలెను. ఆవునందు అట్టి నేర్పు కలదనుటకు సాక్ష్యము లేదు. లేగకై పడు తహతహ అట్టిది కాదు. తల్లియావుల పిలుపులను గూర్చి 2015లో ప్రకటితమైన యొక పరిశోధనము, దూడ చెంతనున్నప్పుడు ఆవు నోరు మూసికొనియే మంద్రస్వరమున పలుకుననియు, దూడ కనుమరుగైనప్పుడు హెచ్చుస్వరమున అరచుననియు, ఏ యావు పిలుపు దానికే ప్రత్యేకమనియు తెలిపినది. పల్లెలో పశువులను పెంచినవారికి ఈ యరపు క్రొత్త కాదు. శాస్త్రము దానిని కొలిచి చూపినది.

పశువులకు సంకేతములే లేవనుటయు చెల్లదు. కెన్యాలోని అంబోసెలి ప్రాంతపు వెర్వెట్ కోతులు చిరుతకు, గ్రద్దకు, పామునకు వేరువేరు కూతలు కూయును. ముద్రించిన కూతలనే వినిపించినను, చిరుతకూతకు చెట్టెక్కుటయు, గ్రద్దకూతకు పైకి చూచుటయు, పాముకూతకు నేలను వెదకుటయు సేఫార్త్, చెనీ, మార్లర్ అను పండితులు 1980లో నిరూపించిరి. ఇది సంకేతము, వాగ్దానము కాదు.

చిన్నయసూరి నీతిచంద్రికలోని మృగములను గూర్చి యీ చర్చ యక్కరలేదు; అవి మృగరూపమున నున్న మనుష్యులే. అనంతామాత్యుని యావు అట్లు కాదు. దానియందు కవి యారోపించిన ధర్మమును, నిజమైన మాతృవేదనయు కలిసి యున్నవి. వానిని విడదీసి చూపుట విమర్శకుని పని. విడదీయనిచో, సత్యవ్రతము వలననే ఆవు జాలికి పాత్రమైనదను భావము మిగులును. పులిని కరగించినది వ్రతము కావచ్చును. పాఠకుని కరగించునది లేగ యాకలి. మాట యీయజాలని యావు దుఃఖము తక్కువ దుఃఖము కాదని మా తలంపు.