ఖాళీ వదలని కుంచె

2020 తొలినాళ్లలో ఏ టీవీ పెట్టినా ఒకటే కరోనా వైరస్ బొమ్మ. బూడిదరంగు బంతి, ఒళ్లంతా ఎర్రటి కొమ్ములు, చుట్టూ ఏమీ లేదు. అమెరికా ప్రజారోగ్య సంస్థ సీడీసీలోని చిత్రకారులు అలీసా ఎకర్ట్, డాన్ హిగిన్స్ కంప్యూటర్‌లో తయారు చేసిన ఆ బొమ్మ జనాన్ని అప్రమత్తం చేయడానికి పుట్టింది. ఆ పని బాగానే చేసింది. ఆ ఫిబ్రవరిలోనే డేవిడ్ గుడ్‌సెల్ అదే వైరస్‌ను కాగితం మీద నీటిరంగులతో వేశారు. రెండిటినీ పక్కపక్కన పెట్టి చూడండి. గుడ్‌సెల్ బొమ్మలో వేలు పెట్టే జాగా ఉండదు. వైరస్ లోపల కిక్కిరిసి ఉంటుంది, బయటా అంతే. నా దృష్టిలో ఆయన పనితనమంతా ఆ ఇరుకులోనే ఉంది.

గుడ్‌సెల్ వృత్తిరీత్యా శాస్త్రవేత్త. యూసీఎల్‌ఏ విశ్వవిద్యాలయంలో రిచర్డ్ డికర్సన్ దగ్గర డీఎన్‌ఏ స్ఫటికాల మీద పరిశోధించి డాక్టరేటు తీసుకున్నారు. ఆ డికర్సన్ తన పుస్తకాలకు ఇర్వింగ్ గైస్ చేత బొమ్మలు వేయించుకున్న మనిషి. 1961లో ‘సైంటిఫిక్ అమెరికన్’ పత్రిక కోసం మయోగ్లోబిన్ అణువును పరమాణువు తర్వాత పరమాణువుగా చేత్తో చిత్రించిన గైస్ ఆయనే. కాబట్టి గుడ్‌సెల్‌కి కుంచె ఎక్కడి నుంచి వచ్చిందో వెతుక్కోనక్కర్లేదు. తర్వాత లా హోయాలోని స్క్రిప్స్ పరిశోధన సంస్థలో చేరారు. మందు అణువు ప్రోటీన్ మీది ఏ గుంటలో ఎలా ఇముడుతుందో లెక్కగట్టే ‘ఆటోడాక్’ సాఫ్ట్‌వేర్ తయారీలో ఆయన చెయ్యి ఉంది. బొమ్మలు ఆ పని పక్కనే పెరిగాయి.

ఆయన పెట్టుకున్న మొదటి కట్టుబాటు కొలత. 1993లో వచ్చిన ‘ద మెషినరీ ఆఫ్ లైఫ్’ పుస్తకంలోని కణ దృశ్యాలు పది లక్షల రెట్లు పెంచి వేసినవి. అంటే ఒక నానోమీటరు కాగితం మీద ఒక మిల్లీమీటరు అవుతుంది. ఆ లెక్కన పోలియో వైరస్ 3 సెంటీమీటర్లు, రైబోజోమ్ 2 సెంటీమీటర్లు, పరమాణువు ఉప్పు రవ్వలో సగం. ఈ.కోలై బాక్టీరియాను నిలువునా వేయాలంటే 2 మీటర్ల కాగితం కావాలి, అందుకే దాన్ని ముక్క కోసి చూపిస్తారు. మన పాఠ్యపుస్తకాల్లో వైరస్ బొమ్మా, బాక్టీరియా బొమ్మా ఒకే సైజులో అచ్చవుతాయి. పదో తరగతి పిల్లవాడికి ఆ రెంటి మధ్య ఎంత తేడా ఉందో చూపుకి అందదు. గుడ్‌సెల్ పుస్తకంలో పేజీ తిప్పితే చాలు, అందుతుంది.

కొలత తర్వాత లెక్క. 1991లో ‘ఇన్‌సైడ్ ఎ లివింగ్ సెల్’ అనే చిన్న వ్యాసంలో ఆయన చేసిందేమిటంటే, జీవరసాయనవేత్తలు పట్టికల్లో రాసుకున్న గాఢతలను తీసుకుని, ఇంత జాగాలో ఏ అణువులు ఎన్ని ఉండాలో లెక్కగట్టి, అన్నిటినీ బొమ్మలోకి ఎక్కించారు. ఈ.కోలై లోపల ప్రోటీన్లు, ఆర్‌ఎన్‌ఏ కలిపి లీటరుకు 300 నుంచి 400 గ్రాములు ఉంటాయి. ఈ అంకె చదివి తలూపి ముందుకు పోతాం. దాన్ని బొమ్మగా చూసినప్పుడు మాత్రం ఆగిపోతాం. కణమంటే నీళ్లలో అక్కడక్కడా తేలే నాలుగు చుక్కలన్న మన ఊహ అక్కడే చెదిరిపోతుంది.

1999 నాటి ఈ.కోలై చిత్రాన్ని దగ్గరగా చూద్దాం. ఒక మూల నుంచి ఆకుపచ్చ గోడ, అందులో రెండు పొరలు. ఆ గోడను చీల్చుకుని నిలబడ్డ గుండ్రటి యంత్రం బాక్టీరియా తోకను తిప్పే మోటారు. గోడ దాటితే నీలం, ఊదా రంగుల ప్రాంతం. పెద్ద ఊదా ముద్దలు రైబోజోమ్‌లు. వాటి మధ్య నుంచి తెల్లటి దారాల్లా పోతున్నవి మెసెంజర్ ఆర్‌ఎన్‌ఏలు. వాటి చుట్టూ మెరూన్ రంగులో వంకర తిరిగిన చిన్న చిన్న అణువులు, ప్రోటీన్ తయారీకి అమైనో ఆమ్లాలను మోసుకొచ్చే టీఆర్‌ఎన్‌ఏలు. ఇంకా లోపలికి పోతే పసుపు, నారింజ. పసుపు డీఎన్‌ఏ ప్రోటీన్ల మీద చుట్టుకుంటూ పోతుంది. ఒకచోట అది రెండు పాయలుగా చీలి ఉంటుంది. అక్కడ కొత్త డీఎన్‌ఏ తయారవుతోంది. ఇదంతా ఏ బాణం గుర్తూ లేకుండా, ఏ పేరూ రాయకుండా తెలిసిపోతుంది. రంగు మారిందంటే ఇలాకా మారినట్టు.

నిజానికి ఈ అణువులకు రంగులే లేవు. మన కంటికి కనబడే వెలుతురు తరంగం 400 నానోమీటర్ల పైమాట. మామూలు ప్రోటీన్ 5 నానోమీటర్లు. అంటే రంగులన్నీ గుడ్‌సెల్ ఇష్టం. ఆ ఇష్టాన్ని ఆయన పొదుపుగా వాడుకున్నారు. మెరుపు లేదు, నీడలు లేవు, లోతు కోసం గారడీ లేదు. ఒక్కో అణువుకు ఒక్క చదును రంగు, దాని చుట్టూ సన్నటి గీత. ఇదే పద్ధతిలో కంప్యూటర్‌తో బొమ్మలు వేయడానికి ఆయన ఫోర్‌ట్రాన్‌లో ఒక ప్రోగ్రామ్ కూడా రాసుకున్నారు. అందులో కూడా గోళాలకు చదును రంగూ, అంచు గీతే. వేల అణువులున్న చోట ఒక్కోదానికి ఒక్కో మెరుపు పెడితే కన్ను ఎక్కడా నిలవదని ఆయనకు తెలుసు.

ఏం వదిలేశారన్నది కూడా చెప్పుకోవాలి. నీళ్లు వేయలేదు. లవణాలు, చక్కెరలు, ఇతర చిన్న అణువులు వేయలేదు. అవన్నీ వేస్తే కాగితం నల్లబడిపోతుంది తప్ప ఏమీ కనబడదు. ఈ వదిలేసిన వాటిలో కణానికి శక్తినందించే ఏటీపీ కూడా ఉంది. 1929లో హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి ఏటీపీని వేరుచేసింది భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. ఆ ఏటీపీని తయారు చేసే యంత్రం బొమ్మలోకి ఎక్కేంత పెద్దది, అది తయారు చేసే సరుకు అంత పెద్దది కాదు. తెలుగు పాఠకుడు కొంచెం నొచ్చుకోవచ్చు గానీ, కొలత ఎవరికైనా కొలతే.

ఇప్పుడు ఆ కరోనా బొమ్మ. వైరస్‌ను అడ్డంగా కోసి చూపిస్తారు. కొవ్వు పొర, దాని మీంచి పైకి లేచిన స్పైక్‌లు, పొరలోనే పాతుకున్న ఎం, ఈ ప్రోటీన్లు, లోపల పొడవాటి ఆర్‌ఎన్‌ఏ, దాన్ని పట్టుకుని ఉన్న ఎన్ ప్రోటీన్లు. ఇంతవరకు ఎవరైనా వేస్తారు. గుడ్‌సెల్ వైరస్‌ను శ్లేష్మంలో పెట్టారు. మన ఊపిరితిత్తుల దారిలో ఉండే జిగురు అణువులు తీగల్లా దాని చుట్టూ అల్లుకుని ఉంటాయి. ఆ తీగల సందుల్లో యాంటీబాడీలు, ఇంకొన్ని రక్షణ ప్రోటీన్లు. ఈ బొమ్మలో వైరస్ మనిషి లోపల ఉంది. మన వాళ్లు అప్పటికే అక్కడ ఉన్నారు. స్పైక్‌కి ఎంత శ్రద్ధ పెట్టారో యాంటీబాడీకీ అంతే పెట్టారు. అదే గీత, అదే చదును రంగు. దుష్టపాత్రకు కోరలు తగిలించలేదు. ఇంత అందంగా వేయవచ్చా అని అడగొచ్చు. వేయవచ్చనే నా అభిప్రాయం. భయపడినవాడు బొమ్మ నుంచి చూపు తిప్పుకుంటాడు. గుడ్‌సెల్ బొమ్మ చూసినవాడు ఆ స్పైక్ దేన్ని పట్టుకుంటుందో, దానికి అడ్డుపడేది ఏదో వెతుకుతాడు.

లోపం లేకపోలేదు. ఆ ఫిబ్రవరి నాటికి కొత్త వైరస్ గురించి తెలిసింది కొంతే. స్పైక్ నిర్మాణం ఆ నెలలోనే వెలువడింది. మిగతా వాటికి చాలావరకు 2003 నాటి సార్స్ వైరస్ పరిశోధనలే దిక్కు. లోపల ఆర్‌ఎన్‌ఏ ఎలా చుట్టుకుని ఉంటుందన్నది అప్పటికి సగం ఊహ. కానీ బొమ్మలో తెలిసినదానికీ, ఊహించినదానికీ గీత ఒకటే. చూసేవాడికి రెండూ ఒకేలా రూఢిగా కనబడతాయి. ఊహ ఉన్నచోట గీతను కాస్త వదులుగా వేసి ఉంటే బాగుండేదనిపిస్తుంది. ఇంకొకటి: ఈ అణువులు క్షణం కుదురుగా ఉండవు, సెకనుకు లక్షల సార్లు ఒకదాన్నొకటి గుద్దుకుంటూ ఉంటాయి. నీటిరంగు ఆ హడావుడిని చూపలేదు. ఆ ఇరుకు చూసి మనమే ఊహించుకోవాలి.

జికాకూ ఎబోలాకూ కూడా ఆయన బొమ్మలున్నాయి. జికా వైరస్ నిర్మాణం తేలింది 2016లో, ఆయన బొమ్మ వచ్చిందీ అదే ఏడాది. ఎబోలా పొడవాటి తాడు ఆకారం. పది లక్షల రెట్ల లెక్కలో 8 సెంటీమీటర్ల లావు, సుమారు మీటరు పొడవు. పైన కప్పుకున్న కొవ్వు పొర తనది కాదు, రోగి కణం నుంచి ఎత్తుకొచ్చుకున్నది.

వీటన్నిటికీ ముడిసరుకు ప్రోటీన్ డేటా బ్యాంక్. 1971లో 7 ప్రోటీన్ నిర్మాణాలతో మొదలైన ఆ భాండారంలో ఇప్పుడు 2 లక్షలకు పైగా ఉన్నాయి. దాని కోసం గుడ్‌సెల్ 2000 జనవరి నుంచి ‘మాలిక్యూల్ ఆఫ్ ద మంత్’ శీర్షిక నడుపుతూ వచ్చారు. నెలకో అణువు, బొమ్మా, దాని పక్కన సాదా మాటల్లో నాలుగు పేరాలు. మొదటి నెల మయోగ్లోబిన్‌దే, గైస్ చేత్తో వేసిన అణువే.

ఆ శీర్షికా, ఈ నీటిరంగు చిత్రాలూ ఆ బ్యాంక్‌కే చెందిన పీడీబీ-101 అనే వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతాయి. చిత్రకారుడి పేరు వేస్తే చాలు, ఎవరైనా అచ్చు వేసుకోవచ్చు, తరగతి గోడకు అంటించుకోవచ్చు. జీవశాస్త్రం చెప్పే మాస్టార్లకూ టీచరమ్మలకూ నా మనవి ఒక్కటే. ఈ.కోలై బొమ్మను వీలైనంత పెద్ద కాగితం మీద రంగుల్లో అచ్చు తీయించి, పాఠం మొదలుపెట్టే ముందు పిల్లల్ని పది నిమిషాలు దాని ముందు నిలబెట్టండి. భాగాల పేర్లు తర్వాత చెప్పొచ్చు.