బార్ కిందికి దూరే విద్య

బస్తాలు దింపే చోట కళాసీలను కాస్త నిలబడి చూడండి. మా చోడవరం, అనకాపల్లి వైపు ఈ దృశ్యానికి కొదవలేదు. బక్కపలచని మనిషి తన బరువుతో సమానమైన బస్తాని భుజానికెత్తుకుంటాడు. నిజానికి ఎత్తడు. ఒక్క ఊపు ఊపి, బస్తా నేల విడిచిన ఆ రెప్పపాటులో తానే దాని కిందికి భుజం చేరుస్తాడు. వెయిట్‌లిఫ్టింగ్ గుట్టంతా ఇదే. కరణం మల్లీశ్వరిని 'ఉక్కు మహిళ' అని పిలుచుకుని పాతికేళ్ళుగా మురిసిపోతున్నాం గానీ, ఆమె దగ్గరున్నది ఉక్కు ఒక్కటే కాదు, ఒడుపు.

ఉత్తరాంధ్రకి బరువులెత్తడం కొత్త కాదు. పండగలొస్తే సంగిడి రాళ్ళ పందేలు పెట్టుకునే పల్లెలు మావి. వీరఘట్టంలో పుట్టిన కోడి రామ్మూర్తి నాయుడు గుండెల మీద ఏనుగును ఎక్కించుకుని 'కలియుగ భీముడు' అనిపించుకున్నాడు. ఆయన విజయనగరంలో వ్యాయామ ఉపాధ్యాయుడు కూడా. అయితే అదంతా మగవాళ్ళ ముచ్చట. ఆడపిల్ల బార్ పట్టుకోవడానికి ఇంకో రెండు తరాలు పట్టింది.

మల్లీశ్వరి 1975 జూన్ 1న శ్రీకాకుళం జిల్లాలో పుట్టింది. ఆమదాలవలస దగ్గర ఊసవానిపేట. తండ్రి రైల్వే రక్షణ దళంలో కానిస్టేబుల్. ఇంటినిండా ఆడపిల్లలే. అక్క నరసమ్మ అప్పటికే బరువులెత్తుతోంది. గురువు నీలంశెట్టి అప్పన్న ఈ పిల్లని చూసి, మరీ సన్నగా ఉంది, పనికిరాదని మొదట్లో పక్కన పెట్టారంటారు. తల్లి శ్యామల మాత్రం కూతురి పక్షాన నిలబడింది. 1990లో ఆసియా క్రీడల ముందు జరిగిన శిక్షణ శిబిరానికి అక్కతోపాటు వెళ్ళినప్పుడు లియొనిద్ తరనెంకో కళ్ళలో పడింది. ఆయన సామాన్యుడు కాడు. 1988లో కాన్‌బెర్రాలో 266 కిలోలు క్లీన్ అండ్ జర్క్ చేసిన బెలారస్ మనిషి. అలాంటివాడు పిల్ల కండలు చూసి ఆగాడనుకోను. కదలిక చూసే ఆగి ఉంటాడు.

ఆ కదలికేమిటో కాస్త తీరిగ్గా చూద్దాం. ఆడవాళ్ళ బార్ బరువు 15 కిలోలు, మగవాళ్ళది 20. ఎర్ర ప్లేటు 25, నీలం 20, పసుపు 15, ఆకుపచ్చ 10. అరచేతులకు తెల్ల పొడి పులుముకుని, వంగి బార్ పట్టుకోవడం దగ్గరే మొదటి పాఠం. బొటనవేలిని బార్‌కి ఆనించి, దాని మీదుగా చూపుడు వేలు, మధ్య వేలు బిగించాలి. దీన్ని హుక్ గ్రిప్ అంటారు. కొత్తలో బొటనవేలు నలిగి కళ్ళలో నీళ్ళు తిరుగుతాయి. అందుకే టేపు చుట్టుకుంటారు. ఇంత బాధ ఎందుకంటే, మామూలు పట్టుతో పెద్ద బరువుని విసురుగా లాగితే బార్ వేళ్ళలోంచి జారిపోతుంది.

స్నాచ్‌లో బార్ నేల మీంచి తల పైకి ఒకే కదలికలో వెళ్ళాలి. నేల నుంచి మోకాలి దాకా తొందర పనికిరాదు. వీపు నిటారుగా, బార్ కాళ్ళని రాసుకుంటున్నంత దగ్గరగా రావాలి. మోకాలు దాటాక తొడలూ నడుమూ ఒక్కసారిగా విచ్చుకుంటాయి. అయినా బార్ తల పైదాకా ఎగరదు, మహా అయితే బొడ్డు దాటి కొంచెం. మిగిలిన దూరం బార్ పైకి రాదు, మనిషే కిందికి వెళ్ళాలి. గొంతుక్కూర్చుంటూ, చేతులు చాచి, ఆ బరువు కిందికి దూరాలి. భయపడ్డవాడు ఇక్కడే ఆగిపోతాడు. పైనుంచి పడబోయే ఇనుము కిందికి ఇష్టపడి దూరమంటే ఒళ్ళు ఒప్పుకోదు మరి. ఒప్పించడానికే ఏళ్ళ తరబడి ఖాళీ బార్‌తో, ఒక్కోసారి ఉత్త కర్రతో సాధన చేయిస్తారు. చూసేవాళ్ళకి ఇంతకంటే విసుగు పుట్టించే సాధన ఉండదు.

క్లీన్ అండ్ జర్క్ రెండంచెలు. ముందు భుజాల మీదికి తెచ్చుకుని లేచి నిలబడాలి. తర్వాత మోకాళ్ళు కాస్త వంచి, పైకి తోసి, ఒక కాలు ముందుకీ ఒకటి వెనక్కీ చాపి మళ్ళీ బార్ కిందికే చేరాలి. ఒక్కో పద్ధతికి మూడేసి ప్రయత్నాలు. కదలకుండా నిలిస్తేనే న్యాయనిర్ణేతల తెల్ల దీపాలు వెలుగుతాయి.

ఈ విద్యతోనే మల్లీశ్వరి 1993లో ప్రపంచ పోటీల్లో కంచు, 1994, 1995ల్లో 54 కిలోల విభాగంలో బంగారం, 1996లో మళ్ళీ కంచు తెచ్చింది. హిరోషిమా, బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో వెండి పతకాలు. అర్జున, ఖేల్ రత్న, పద్మశ్రీ అన్నీ సిడ్నీ ఒలింపిక్స్‌కి ముందే వచ్చాయి. అయినా ఆమెను ఒలింపిక్స్‌కి ఎందుకు పంపుతున్నారని రాసిన పత్రికలున్నాయి. ఒళ్ళు చేసిందన్నారు. పెద్ద విభాగానికి మారిన లిఫ్టర్ ఒళ్ళు చేయక ఏం చేస్తుంది?

2000 సెప్టెంబర్ 19. ఒలింపిక్స్‌లో ఆడవాళ్ళకి వెయిట్‌లిఫ్టింగ్ పెట్టింది ఆ ఏడాదే. 69 కిలోల విభాగంలో మల్లీశ్వరి స్నాచ్ 110, జర్క్ 130, మొత్తం 240. చైనా లిఫ్టర్ లిన్ వెయినింగ్, హంగరీ లిఫ్టర్ ఎర్జెబెత్ మార్కుష్ చెరి 242.5. సమానమైతే ఒంటి బరువు తక్కువున్నవారిదే పైచేయి అన్నది అప్పటి నిబంధన. అలా లిన్‌కి బంగారం, మార్కుష్‌కి వెండి. మల్లీశ్వరి జర్క్‌లో మూడో ప్రయత్నానికి 137.5 అడిగింది. ఆ బరువు నిలవలేదు. కంచు దక్కింది. ఒలింపిక్ పతకం గెలిచిన మొదటి భారతీయ మహిళ ఆమే. సిడ్నీ నుంచి మన దేశానికి వచ్చిన ఏకైక పతకం కూడా అదే.

ఆ 137.5 మీద ఇప్పటికీ వాదన నడుస్తుంది. 135 ఎత్తినా మొత్తం 245 అయ్యేది, బంగారం వచ్చేది. స్కోరు కాగితం చేతిలో పెట్టుకుని మనం వేసే లెక్క ఇది, నిజమే. అయినా నాకు ఆమె తెగువలో తప్పు కనపడదు, లెక్కలోనే కనపడుతుంది. తెర వెనక ఎవరు ఎంత అడుగుతున్నారో కనిపెట్టి, మన బరువు ఎంత వేయించాలో తేల్చడం కూడా ఈ ఆటలో సగం విద్య. మన జిమ్‌లలో దాన్ని నేర్పేవాళ్ళు తక్కువ.

తర్వాత మల్లీశ్వరి హర్యానా కోడలై యమునానగర్‌లో స్థిరపడింది. 2021లో ఢిల్లీ క్రీడా విశ్వవిద్యాలయానికి తొలి వైస్ చాన్సలర్ అయింది. ఇక్కడ ఉత్తరాంధ్రలో మాత్రం బార్ చప్పుడు ఆగలేదు. విజయనగరం జిల్లా కొండవెలగాడ నుంచి మత్స సంతోషి 2014 గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో 53 కిలోల విభాగంలో మూడో స్థానంలో నిలిచింది. మొదటి స్థానంలో ఉన్న నైజీరియా అమ్మాయి డోపింగ్‌లో పట్టుబడటంతో ఆ కంచు వెండిగా మారింది. ఇంకో ఒలింపిక్ పతకం కోసం మాత్రం భారత వెయిట్‌లిఫ్టింగ్ 2021లో మీరాబాయి చాను వెండి గెలిచేదాకా ఆగాల్సి వచ్చింది.

పతకాల సంగతి అలా ఉంచితే, పల్లెల్లో తల్లిదండ్రులు పిల్లని జిమ్‌కి పంపే ముందు అడిగే మొదటి ప్రశ్న ఉద్యోగం గురించే. స్పోర్ట్స్ కోటాలో రైల్వేకో, పోలీసుకో ఎంపికవుతుందా అని. నాకది చిన్న కోరికగా ఎప్పుడూ అనిపించలేదు. ఒక బార్, కొన్ని ప్లేట్లు, పిల్ల వీపు వంగితే బరువు పెంచనివ్వని గురువు ఒకరు ఉంటే చాలు, పని మొదలవుతుంది. మైదానం అక్కర్లేదు, పెద్ద జట్టూ అక్కర్లేదు. దొరకనిదల్లా ఆ గురువే.