36వ స్థానం వెనక పనితనం

2015 జనవరి 17న బ్యూనస్ ఎయిర్స్‌లో డకార్ ర్యాలీ ముగిసింది. మోటార్‌సైకిళ్ల ఫలితాల పట్టికలో 36వ వరుసలో ఒక బెంగళూరు పేరు ఉంది: సి.ఎస్. సంతోష్. ఒక భారతీయుడు డకార్‌ని ఆసాంతం పూర్తి చేయడం అదే మొదటిసారి. పతకం దక్కని స్థానాల గురించి రాయడం మనకు పెద్దగా అలవాటు లేదు. అయితే ఆ ఏడు బయల్దేరిన బైకుల్లో ఇంచుమించు సగం గమ్యం చేరనే లేదు. పదమూడు అంచెలు, అర్జెంటీనా, చిలీ, బొలీవియా, రెండు వారాలు. వీటన్నిటినీ దాటుకుని బయల్దేరిన ఊరికే తిరిగొచ్చిన ఆ 36వ స్థానంలో ఎంత పని ఇమిడి ఉందో చూడాలన్నదే ఈ వ్యాసం ఉద్దేశం.

డకార్ కథ క్లుప్తంగా చెప్పుకుందాం. 1977లో థియెరీ సబీన్ అనే ఫ్రెంచివాడు ఒక ర్యాలీలో లిబియా ఎడారిలో దారి తప్పి, చావు అంచుదాకా వెళ్లి బయటపడ్డాడు. మరుసటి ఏడాది డిసెంబరు 26న ప్యారిస్ నుంచి సెనెగల్ రాజధాని డకార్ దాకా పోటీ పెట్టాడు. మారిటేనియాలో ముప్పు ఉందని 2008లో పోటీ ఆపేశారు. 2009 నుంచి దక్షిణ అమెరికాలో, 2020 నుంచి సౌదీ అరేబియాలో జరుగుతోంది. ఊరు మారినా పేరు మారలేదు. పోటీ మొదలైంది ఒక మనిషి దారి తప్పడంతో కాబట్టి, దారి పట్టుకోవడమే ఇప్పటికీ దీని ప్రాణం.

డకార్ అనగానే కళ్లముందు మెదిలేది ఇసుక దిబ్బ మీంచి గాల్లోకి లేచిన బైకు. నాకు మాత్రం హ్యాండిల్ మీద బిగించిన చిన్న పెట్టె మీదికే చూపు పోతుంది. సంతోష్ రోజుల్లో అందులో ఒక కాగితపు చుట్ట ఉండేది. దాన్నే రోడ్‌బుక్ అంటారు. ఎడమ చేతి బొటనవేలితో మీట నొక్కితే చుట్ట ముందుకు జరిగేది. ఒక్కో గడిలో ఒక దూరం, ఒక చిన్న బొమ్మ, కొన్ని గుర్తులు. ఇన్ని కిలోమీటర్ల దగ్గర చీలిక, ఎడమకి తిరుగు, ఫలానా డిగ్రీల దిశ పట్టుకో, ముందు గొయ్యి ఉంది. ప్రమాదం ఎంత పెద్దదో చెప్పడానికి ఒకటి నుంచి మూడు దాకా ఆశ్చర్యార్థకాలు. మూడున్నచోట వేగం తగ్గించకపోతే ఆ రోజుతో పోటీ ముగిసినట్టే. మన ఫోన్‌లో మాదిరి దారి చూపించే మ్యాపు ఏదీ ఉండదు. ఉన్న జీపీఎస్ పరికరం కూడా, దాటాల్సిన గుర్తు దగ్గరికి మన తెలివితో మనం చేరుకున్నాకే బాణం చూపిస్తుంది. గుర్తు తప్పిపోతే జరిమానా కింద నిమిషాలు కలుపుతారు.

సంతోష్ పూర్తిచేసిన ఆ రోజుల్లో మర్నాటి రోడ్‌బుక్ ముందురోజు సాయంత్రమే చేతికొచ్చేది. దినమంతా బైకు మీద నిలబడి వచ్చిన మనిషి తిండి తిని పడుకోడు. రంగు పెన్నులు పట్టుకుని కూచుంటాడు. ప్రమాదాలకు ఒక రంగు, దిశలకు ఒకటి, మలుపులకు ఇంకొకటి. మీటర్ల కొద్దీ కాగితాన్ని గడి గడికీ చదివి, రంగు పూసి, చుట్టలోకి ఎక్కిస్తాడు. మర్నాడు గంటకు నూరు కిలోమీటర్ల పైచిలుకు వేగంలో ఆ గడి మీద చూపు నిలిపేది రెప్పపాటే. ఆ రెప్పపాటులో అర్థం కావాలంటే ముందు రాత్రి ఆ పని శ్రద్ధగా జరిగి ఉండాలి. డకార్‌లో కండబలానికి సమానంగా నిలిచేది ఈ రాత్రి చదువేనని నా అభిప్రాయం. తరవాతి కాలంలో రోడ్‌బుక్‌ని రంగులు వేసి ఉదయమే ఇచ్చే పద్ధతి వచ్చింది. దాంతో డబ్బున్న జట్లు నిపుణులను పెట్టుకుని రాత్రంతా దారిని విశ్లేషించుకునే వీలు పోయింది. ఆ మార్పు న్యాయమైనదే.

ఇక్కడే ఇంకో చిన్న పనితనం ఉంది. దారి తప్పి అర కిలోమీటరు అటు పోయి ఇటు వచ్చామనుకోండి, దూరం చూపించే మీటరు రోడ్‌బుక్‌తో సరిపోలదు. తర్వాతి ప్రతి గడీ తప్పుగానే కనిపిస్తుంది. అందుకే తెలిసిన గుర్తు తగలగానే, కుదుపుల్లోనే, వేలితో మీటరుని సరిచేసుకోవాలి. ఇది మరిచినవాడు ముందు వెళ్లినవాళ్ల టైరు గుర్తులు పట్టుకుని పోతాడు. ఆ గుర్తులు వేసినవాడూ దారి తప్పినవాడే అయితే, పదిమంది ఒకే తప్పు లోయలో కలుసుకుంటారు. మధ్య వరుసల్లో వచ్చే రైడర్‌కి ఈ ఆకర్షణ మరీ ఎక్కువ. కళ్ల ముందు ఇరవై చక్రాల చాళ్లు ఉంటే రోడ్‌బుక్‌ని నమ్మడానికి గుండె నిబ్బరం కావాలి.

2015 డకార్‌లో అందరినీ వడగట్టింది బొలీవియా. జనవరి 11న చిలీ తీరంలోని ఇకీకే నుంచి బయల్దేరిన బైకులు ఆండీస్ ఎక్కి ఉయూని చేరాయి. సముద్రమట్టం నుంచి ఒక్క రోజులో 3,600 మీటర్ల పైకి. అక్కడ ఊపిరి అందదు, చలి, వాన. పైగా అది మారథాన్ అంచె. అంటే ఆ రాత్రి మెకానిక్కులు దగ్గరికి రాకూడదు. బైకుకి ఏమైనా రైడరే చూసుకోవాలి, లేదా తోటి రైడర్లు చెయ్యి వెయ్యాలి. మర్నాడు పది వేల చదరపు కిలోమీటర్ల ఉప్పు మైదానం మీద పరుగు. ఎండలో అద్దంలా ఉండాల్సిన ఆ నేల మీద వాననీళ్లు నిలిచాయి. ఉప్పునీరు చిమ్మి రేడియేటర్ల నిండా పేరుకుంది, వైర్లలోకి దిగింది. ఇంజన్లు ఒకదాని వెంట ఒకటి మొరాయించాయి. అప్పటిదాకా పోటీలో మొదటి స్థానంలో ఉన్న స్పెయిన్ రైడర్ జోన్ బారెడా హోండా కూడా ఆగిపోయింది. అతని జట్టులోని చిలీ రైడర్ జెరేమియాస్ ఇస్రాయెల్ తాడు కట్టి ఆ బైకుని లాక్కుపోయాడు. ఆధిక్యం మార్క్ కోమా చేతికి వెళ్లింది. చివరికి ఐదో టైటిల్ కూడా అతనికే దక్కింది.

గెలుపు మీద ఆశ పెట్టుకున్న పెద్ద కంపెనీ బైకు తాడు చివర వేలాడిన ఆ రోజున కేటీఎం మీద సంతోష్ ఉప్పు మైదానం దాటి మళ్లీ ఇకీకే చేరాడు. చేరే ముందు సముద్రం వైపు జారే ఆ మహా ఇసుక దిబ్బ మీంచి దిగాలి. కింద ఊరు, దాని వెనక పసిఫిక్. దిగేటప్పుడు ముందు బ్రేకు జోలికి పోకూడదు. ఒంటి బరువు వెనక్కి వేసి, ఇంజన్‌ని నమ్మి దిగాలి. తొలిసారి డకార్‌కి వచ్చిన మనిషి, ఎనిమిదో అంచెలో, ఇదంతా దాటి పోటీలో నిలిచాడు. సంతోష్‌లో నాకు నచ్చేది ఇదే. అతను మోటోక్రాస్ నుంచి వచ్చినవాడు. అక్కడ పందెం నిమిషాల్లో తేలిపోతుంది, ఉన్న బలమంతా ఒక్కసారే ధారపోయాలి. ఇక్కడ రోజూ కొంత మిగుల్చుకోవాలి. ఉన్న బలాన్ని పట్టి ఉంచడం, ఉన్నదంతా వాడేయడం కన్నా కష్టమైన విద్య.

ఇక జట్టు సంగతి. బైకు మీద ఒక్కడే కనిపిస్తాడు కాబట్టి ఇది ఒంటరి పోటీ అనిపిస్తుంది. హీరో మోటోస్పోర్ట్స్ జట్టు పనిచేసిన తీరు చూస్తే ఆ భ్రమ పోతుంది. హీరో కంపెనీ 2016లో జర్మనీకి చెందిన స్పీడ్‌బ్రెయిన్‌తో కలిసి ర్యాలీ జట్టు కట్టింది. సంతోష్, పోర్చుగల్‌కి చెందిన జోక్విమ్ రోడ్రిగ్స్ రైడర్లు. 2017లో కొత్త జట్టు, కొత్త బండి, అయినా ఇద్దరూ పోటీ పూర్తిచేశారు. 2018లో సంతోష్ 34వ స్థానంలో వచ్చాడు. రోడ్రిగ్స్ పెరూలో మొదటి అంచెలోనే దిబ్బ మీంచి పడి వెన్ను దెబ్బతిని ఆసుపత్రి పాలయ్యాడు. తొలిసారి వచ్చిన ఓరియోల్ మేనా ఏడో స్థానంలో నిలిచాడు.

ఈ ఫలితాల వెనక ఫొటోలకెక్కని మనుషులు ఉంటారు. శిబిరం రోజూ మకాం మారుస్తుంది. రైడర్లు ఎడారిలో పడి వస్తుంటే మెకానిక్కులు లారీల్లో వందల కిలోమీటర్లు రోడ్డు దారిన చుట్టి వచ్చి, ముందే డేరా వేసి, నేల మీద పరదా పరిచి సిద్ధంగా ఉంటారు. బైకు రాగానే విప్పుతారు. ఎయిర్ ఫిల్టర్, నూనె, చైను, చక్రాల బేరింగులు, స్పోకులు. టైరులో గాలి ఉండదు, గాలికి బదులు మూస్ అనే నురుగు గొట్టం ఉంటుంది, పంక్చర్ అన్న మాటే రాకుండా. దాన్ని టైరులోకి ఎక్కించడం కుస్తీతో సమానమైన పని. ఎంత బాగా చేసినా కనిపించని పని వీళ్లది. మర్నాడు నాలుగు వందల కిలోమీటర్ల తరవాత ఏదీ వదులు కాకపోతే, అదే దాని నాణ్యతకు రుజువు. తెల్లవారుజామున చీకట్లో రైడర్ బయల్దేరాక వీళ్లు డేరా పీకి మళ్లీ లారీ ఎక్కుతారు. నిద్ర ఏదన్నా ఉంటే లారీ సీటులోనే.

బెంగళూరుని ఆనుకుని, సరిహద్దుకు అవతల ఉన్న హోసూరు పేరు కూడా ఇందులో ఉంది. తెలుగు బాగా వినిపించే ఊరది. అక్కడి టీవీఎస్ సంస్థ ఫ్రాన్స్‌కి చెందిన షెర్కోతో కలిసి 2015లోనే డకార్‌లో అడుగుపెట్టింది. ఆ జట్టులో కె.పి. అరవింద్ రెండుసార్లు మధ్యలోనే ఆగిపోయాడు. మూడోసారి, 2019లో, 37వ స్థానంలో పూర్తిచేశాడు. రెండుసార్లు గాయాలతో ఇంటిదారి పట్టిన రైడర్‌ని మూడో ఏడూ నమ్మి పంపడం జట్టు ఓర్పు. ఆ ఓర్పు లేకపోతే రైడర్ ఓర్పుకి చోటే ఉండదు.

2020 జనవరి 12న సౌదీలో ఏడో అంచెలో హీరో జట్టు రైడర్ పావులో గొన్సాల్వెజ్ 276వ కిలోమీటరు దగ్గర పడిపోయి చనిపోయాడు. రోడ్రిగ్స్‌కి అతను బావమరిది వరస. మర్నాటి మోటార్‌సైకిల్ అంచె రద్దయింది, హీరో జట్టు మొత్తం పోటీ నుంచి తప్పుకుంది. మరుసటి ఏడు మళ్లీ వచ్చారు. 2021 జనవరి 6న రియాద్ వైపు సాగే నాలుగో అంచెలో సంతోష్ పడ్డాడు. డాక్టర్లు మందులతో కోమాలో ఉంచాల్సి వచ్చింది. ప్రాణాపాయం తప్పి ఇంటికొచ్చాడు. డకార్‌ని పొగిడేటప్పుడు ఈ రెండు తేదీలూ పక్కన పెట్టుకునే పొగడాలి. ఈ పోటీలో ఒక నియమం ఉంది. దెబ్బ తగిలి పడిన రైడర్ కోసం ఆగినవాడికి, ఆగిన సమయాన్ని తర్వాత లెక్కలోంచి తీసేస్తారు. ప్రతి రైడర్ దగ్గరా సహాయం పిలిచే మీట ఉంటుంది, హెలికాప్టర్ వస్తుంది. కానీ అది వచ్చేదాకా పక్కన కూచునేది వెనకాలే వస్తున్న ప్రత్యర్థే.

2022లో మూడో అంచెను రోడ్రిగ్స్ గెలిచాడు. భారతీయ కంపెనీ బైకు డకార్‌లో ఒక అంచె గెలవడం అదే తొలిసారి. వెన్ను విరగ్గొట్టుకున్న మనిషి, దగ్గరివాణ్ని ఇదే ఇసుకలో పోగొట్టుకున్న మనిషి గెలిచిన గెలుపది.

2024లో నిర్వాహకులు కొత్త పరీక్ష పెట్టారు. రబ్ అల్ ఖాలీ ఎడారిలో రెండు రోజుల అంచె. సాయంత్రం నాలుగు కాగానే ఎక్కడున్నవాళ్లయినా తర్వాతి శిబిరం దగ్గర ఆగిపోవాలి. మెకానిక్ లేడు, జట్టుతో మాట లేదు, ఎవరు ముందున్నారో తెలియదు. ఒక గుడారం, పొట్లాం తిండి, రాత్రి చలి. నా దృష్టిలో ఉయూని రాత్రికి ఇది వారసురాలు. ఆ ఏడు హీరో మీద బోత్స్వానా రైడర్ రాస్ బ్రాంచ్ రెండో స్థానంలో వచ్చాడు. భారతీయ కంపెనీకి మొదటి మూడింట్లో చోటు దొరకడం అదే మొదటిసారి. షెర్కో టీవీఎస్ మీద కేరళకి చెందిన హరిత్ నోవా మొత్తం మీద 11వ వాడిగా, ర్యాలీ 2 విభాగంలో ప్రథముడిగా నిలిచాడు.

విజేత రికీ బ్రాబెక్‌కీ బ్రాంచ్‌కీ మధ్య తేడా, యాభై ఒక్క గంటలకు పైబడిన పరుగులో, 10 నిమిషాల 53 సెకన్లు. ఒక గుర్తు దాటిపోయి వెనక్కి తిరిగి వెతుక్కునే సమయం అంతే ఉంటుంది. పదకొండు నిమిషాల లోపు ఆ తేడాతో రెండు వారాలు పక్కపక్కనే సాగారంటే, రెండు డేరాల్లోనూ పానా పట్టిన చేతులు ఏ రాత్రీ తొందరపడలేదని అర్థం. ఈ కథ మొదలైన సంతోష్ విషయానికొస్తే, అతను బెంగళూరుకి దగ్గర్లో, కోలారులో, మట్టిదారి బైకు నడపడం నేర్పే బిగ్ రాక్ డర్ట్ పార్క్ పెట్టాడు. కుప్పం, పలమనేరు వైపు వాళ్లకి అది బస్సు దూరం.