ఎసట్లో పోసే ముందు పిడికెడు

బహదూర్‌పల్లిలో మేముండే గల్లీలో, మా ఇంటికి రెండిళ్ల అవతల ఒక అక్క ఉంటుంది. పుట్టిల్లు డోర్నకల్ దగ్గర పల్లెటూరు. పొట్ట చేత పట్టుకుని ఇటు వచ్చి పదేళ్లయింది. జీడిమెట్లలో ప్యాకింగ్ పని. ఆమె వంటింట్లో బియ్యం డ్రమ్ము పక్కనే ఒక పాత డాల్డా డబ్బా ఉంటుంది. పొద్దున్నే మూడు గ్లాసుల బియ్యం గిన్నెలోకి కొలుస్తుంది. నీళ్లు పోసి కడిగే ముందు, ఆ గిన్నెలోంచే ఒక పిడికెడు తీసి డబ్బాలో వేస్తుంది. పెదాలు కొంచెం కదులుతాయి, అంతే. సాయంత్రం మళ్లీ అదే.

"ఏందక్కా అది?" అని అడిగితే, బెండకాయలు తరుగుతూనే చెప్పింది: "దేవుని బియ్యమన్నా. మా అమ్మ ఏసేది, నేను ఏస్తున్న."

తెలుగు క్రైస్తవ ఇళ్లలో ఈ పిడికెడు బియ్యం పాత అలవాటే. దీన్ని భక్తి అని మెచ్చుకుని ఊరుకుంటే అందులోని పనితనం కనబడదు. మనిషి ఇస్తున్నప్పుడు లోపల తలెత్తే గర్వాన్ని ఎలా అణచాలో తెలిసిన వాళ్లు కట్టిన పద్ధతి ఇది. మనసు మంచిదైతే చాలు, దానం తనంతట తనే నిష్కల్మషంగా ఉంటుందంటారు. నాకు ఆ నమ్మకం లేదు. మనసు ఎప్పుడు బాకా పట్టుకుంటుందో దానికే తెలియదు. అందుకే చేతికి ఒక క్రమం ఉండాలి.

ఆ క్రమంలో మొదటి సంగతి, ఎప్పుడు తియ్యాలన్నది. కొలిచాక, కడగక ముందు. తిన్నాక మిగిలింది పెడితే అది మిగులు. వండక ముందు తీస్తే ఇంటిల్లిపాదికీ తలా రెండు మెతుకులు తగ్గుతాయి. తగ్గినట్టు ఎవరికీ తెలియదు గాని తగ్గుతాయి. యెరూషలేము దేవాలయంలో రెండు కాసులు వేసిన విధవరాలి కథలో యేసు చూసింది దీన్నే. ధనవంతులు వేసినది పెద్ద మొత్తమే, అయినా వాళ్ల ఇంట్లో వంట ఆగదు.

రెండోది, ఏ బియ్యం అన్నది. తాము తినే బియ్యమే. ఇంట్లో సోనామసూరి తింటూ, రేషన్ షాపులో వచ్చిన దొడ్డు బియ్యం దేవుడికని పక్కన పెట్టేవాళ్లు లేకపోలేదు. ఆదివారం బియ్యం పోసే చోట అది ఇట్టే దొరికిపోయేది. 2025 ఉగాది నుంచి తెలంగాణ రేషన్ కార్డు మీద సన్న బియ్యమే ఇస్తున్నారు కాబట్టి ఇప్పుడు అంత తేలిగ్గా దొరకరు. అక్క మాత్రం విడిగా బియ్యం పెట్టుకోదు. వండే గిన్నెలోంచి తీస్తే ఆ తంటా ఉండదు కదా!

మూడోది నాకు అన్నిటికంటే నచ్చినది. ఆదివారం ఆరాధనకు ఎవరి సంచి వాళ్లు తెచ్చి గోనె సంచిలో గుమ్మరిస్తారు. గుమ్మరించాక ఏ గింజ ఎవరిదో దేవుడు కూడా వెతకాలి. ఆటో డ్రైవరు బియ్యం, టీచరమ్మ బియ్యం, అద్దె ఇంట్లో ఉండే అక్క బియ్యం ఒకటైపోతాయి. కుడిచేయి చేసేది ఎడమచేతికి తెలియకూడదని కొండ మీద ప్రసంగంలో ఉన్న మాటను, ఉపదేశంతో పని లేకుండా ఒక గోనె సంచితో సాధించారు.

లెక్క వేసి చూశాను. మామూలు ఆడమనిషి పిడికిట్లో నలభై, యాభై గ్రాముల బియ్యం పడుతుంది. రోజుకి రెండు పూటలు, నెలకి మూడు కిలోలకు కొంచెం తక్కువ. నలభై ఇళ్లుంటే నెలకి క్వింటాలు దాటుతుంది. ఆ బియ్యం కొన్ని చోట్ల పాస్టరు గారి ఇంటికి పోతుంది, కొన్ని చోట్ల వేలం వేసి డబ్బు సంఘం ఖాతాలో వేస్తారు, కొన్ని చోట్ల జబ్బు పడ్డవాళ్లకు, భర్త పోయిన ఆడవాళ్లకు చేరుతుంది. చిన్నదే కదా అనుకునేవాళ్లు మిజోరం వైపు చూడాలి. అక్కడి ప్రెస్బిటేరియన్ సంఘంలో ఆడవాళ్లు 1910లో మొదలుపెట్టిన ఇలాంటి పిడికెడు బియ్యమే ఇవాళ ఏటా కోట్ల రూపాయలు తెస్తోంది.

అక్క పుట్టింటి వైపు ఈ అలవాటుకు వెనక ఒక పెద్దమనిషి నీడ ఉంది. తిరునల్వేలి వైపు పుట్టిన వేదనాయగం శామ్యూల్ అజరయ్య 1909లో మిషనరీగా డోర్నకల్ వచ్చారు. 1912 డిసెంబర్ 29న కలకత్తాలో బిషప్పు అయ్యారు. ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్పు ఆయనే. అంతకు ముందే, 1903లో తిరునల్వేలిలో ఆయన మిత్రులతో కలిసి పెట్టిన మిషనరీ సంఘానికి ఒక పట్టుదల ఉండేది: మనుషులూ మనవాళ్లే, డబ్బూ మనదే, నడిపేదీ మనమే. డోర్నకల్‌లో ఆయన ముందు కూర్చున్నవాళ్లలో ఎక్కువ మంది మాల, మాదిగ కూలీలు. కూలి చాలాసార్లు గింజల్లోనే ముట్టేది, చేతిలో చిల్లర ఆడేది కాదు. వాళ్ల దగ్గర ఏమడుగుతాం అని తెల్లదొరలు జాలిపడితే, అజరయ్య ఆ జాలిని ఒప్పుకోలేదు. లేనివాడు కూడా ఇవ్వాలన్నారు. ఇవ్వడం గురించి ఒక పుస్తకమే రాశారు. డబ్బు లేకపోతే గింజలు, గింజలు లేకపోతే గుడ్డు, కోడిపిల్ల, పొట్లకాయ. కోత పండుగనాడు గుడి ముందు వీటిని వేలం పాడే ఆనవాయితీ మన పల్లెల్లో ఇప్పటికీ ఉంది. పది రూపాయల గుమ్మడికాయను అయిదొందలకు పాడి, మళ్లీ గుడికే ఇచ్చేస్తే దాన్ని ఇంకొకాయన పాడతాడు. అక్కడ కొంచెం గొప్పలు కూడా ఉంటాయి, కాదనను. నవ్వుకుంటూ చెప్పుకునే గొప్పలు గనక సంఘం సర్దుకుంటుంది.

ఎప్పుడూ పుచ్చుకునే చెయ్యి కింద ఉంటుంది. ఇచ్చే అవకాశం దొరికినప్పుడే ఆ చెయ్యి సమానమవుతుంది. ఊరి బావి దగ్గరికే రానివ్వని మనిషి, ఇంకొకరి ఆకలికి నేనూ ఒక పిడికెడు వేశానని తలెత్తుకోవడంలో ఉన్న గౌరవం అజరయ్యకు తెలుసు.

ఇక్కడ ఒక తమాషా. సంస్కృతంలో ముష్టి అంటే పిడికిలి. ఆ పిడికెడు భిక్ష పేరే మన నోళ్లలో నాని తిట్టయిపోయింది. ఇచ్చేవాడు నిలబడి, పుచ్చుకునేవాడు వంగి ఉన్నన్నాళ్లు ఏ మంచి మాటైనా అలాగే చెడుతుంది కాబోలు.

బియ్యానికీ క్రైస్తవానికీ ముడిపెట్టి వేసే నింద ఒకటి ఉంది: అన్నం కోసం మతం మారారని. జవాబు కోసం ఒంగోలు వెళ్లాలి. 1876-78 కరువులో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ, బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి ఇప్పించాడు. బాప్తిస్మం కావాలని జనం అడుగుతున్నా, కరువు సాయం నడుస్తున్నంత కాలం ఇవ్వలేదు. పని ఆగాక, ఇక పంచడానికి తన దగ్గర ఏమీ లేదనుకున్నాక ఇచ్చాడు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మంది. అందరి మనసుల్లో ఏముందో మనకు తెలియదు గాని, ఇచ్చేవాడు తన చేతిలోని అన్నాన్ని ఎరగా వాడకూడదనుకున్నాడన్నది మాత్రం స్పష్టం.

ఇవాళ మా చుట్టుపక్కల కనిపించేది వేరు. బహదూర్‌పల్లి మీదుగానే నర్సాపూర్ రోడ్డు మెదక్ వెళ్తుంది. డిసెంబర్ వచ్చిందంటే 1924 క్రిస్మస్ నాడు ప్రతిష్ఠించిన అక్కడి పెద్ద గుడికి వెళ్లే బండ్లు బారులు తీరతాయి. అదే నెలలో దుప్పట్ల పంపిణీ మొదలవుతుంది. ఒక దుప్పటిని ఆరుగురు పట్టుకుంటారు, ఏడోవాడు ఫోటో తీస్తాడు, పుచ్చుకునే ముసలమ్మ ఎటు చూడాలో తెలియక ఫ్లెక్సీ వైపు చూస్తుంది. గుళ్లో ఫ్యాను రెక్కల మీద కూడా ఫలానా వారి జ్ఞాపకార్థం అని ఎర్ర రంగుతో రాయిస్తాం. ఫ్యాను తిరుగుతున్నంత సేపూ ఆ పేరు కనబడదు, కరెంటు పోతేనే చదవగలం. వంద ఇస్తే వెయ్యి వస్తుందని విత్తన కానుకలు అడిగే ప్రసంగాలు మరీ దారుణం. అది చీటీ వ్యాపారం. చీటీలోనైనా పాట పాడినవాడికి డబ్బు ముడుతుంది.

ఇచ్చినవాడి పేరు దాచమంటే లెక్క దాచమని కాదు. యెరూషలేము పేదల కోసం చందా పోగు చేసినప్పుడు పౌలు రెండు జాగ్రత్తలు చెప్పాడు. ఆదివారం ఆదివారం ఎవరికి కలిగిన కొద్దీ వాళ్లు ఇంట్లో తీసిపెట్టుకోవాలి, తాను వచ్చాక హడావిడిగా వసూళ్లు ఉండకూడదు. ఆ డబ్బు మోయడానికి తనొక్కడే కాకుండా, సంఘాలు నమ్మి ఎంపిక చేసిన మనిషి కూడా వెంట ఉండాలి, ఎవరూ వేలెత్తి చూపకూడదు. కానుక సంచి విప్పి ఇద్దరు ముగ్గురు కూర్చుని లెక్కించి, సంతకాలు పెట్టి, మొత్తం ఎంతో చదివి వినిపించే అలవాటు మంచి సంఘాల్లో ఉన్నది అందుకే. మొత్తం అందరికీ తెలియాలి. ఎవరెంత వేశారన్నది మాత్రం ఎవరికీ అక్కర్లేదు.

ఈ మధ్య అక్కకు రాత్రి షిఫ్టు పడింది. సాయంత్రం అన్నం వండేది ఇంటర్ చదివే ఆమె కొడుకు. ఎవరూ చెప్పకుండానే వాడూ డబ్బాలో పిడికెడు వేస్తున్నాడు. వాడి చెయ్యి తల్లి చేతికంటే పెద్దది. వారం తిరక్కుండానే డబ్బా నిండిపోతోందని, ఇంకో డబ్బా ఉంటే ఇమ్మని మొన్న మా ఇంటికి వచ్చింది.