పాట యొకటి, రూపములు నాలుగు

ఒక పాటను గూర్చి యిద్దరు వాదించుకొనుట మన యిండ్లలో వింత కాదు. అత్తగారు అందులో అర్థమే లేదందురు. కోడలు అంత చక్కని పాట ఈ మధ్య రాలేదనును. విచారింపగా అత్తగారు విన్నది మనుమని ఫోనులోని అర నిమిషపు ప్రోమో యనియు, కోడలు విన్నది రెండు చరణములు గల పూర్తి పాట యనియు తేలును. పేరొక్కటియే గాని విన్న వస్తువులు వేరు. ఏ రూపమును విని మాటాడుచున్నారో చెప్పని విమర్శ, పీఠిక మాత్రమే చదివి కావ్యమునకు తీర్పు చెప్పుట వంటిది.

నేడు తెలుగు సినిమాపాట సామాన్యముగా నాలుగు రూపములతో మనయొద్దకు వచ్చుచున్నది. మొదటిది ప్రోమో, పాట వెలువడకముందే ఆశ పుట్టించుటకై విడుచు తునుక. రెండవది సింగిలు, సినిమాకు ముందుగా ఒంటరిగా విడుదలయగు పాట. సాహిత్యము తెరపై అక్షరములుగా నడచుచుండుటచే దీనిని లిరికల్ అనియు నందురు. మూడవది ఆల్బము పాట. తక్కిన పాటలతో గూడి వరుసలో నిలుచునది. నాలుగవది సినిమాలోని పాట. కథ నడకనుబట్టి నడుమ సంభాషణ చేరుటయో, చరణ మొకటి పోవుటయో, వాద్యము పెరుగుటయో జరుగును. రెండవదియు మూడవదియు పెక్కుసారు లొకటియే. మొదటిదానికిని కడపటిదానికిని మాత్రము చాల దూరము.

ఈ కత్తిరింపు నేడు పుట్టినది కాదు. ఏలూరు, దెందులూరు, తాడేపల్లిగూడెము ప్రాంతముల పెద్దలకు పౌరాణిక నాటకములు తెలియనివి కావు. న్యాయవాదియై యుండి ఏలూరున ప్రభాత్ థియేటర్‌ను నెలకొల్పిన బందా కనకలింగేశ్వరరావుగారు నటించిన సీమ యిది. రంగస్థలముపై నటుడు పద్యమెత్తి, రాగము పెంచి, సభవారు వన్స్‌మోర్ అనగా మరల పాడినచో ఒక్క పద్యమునకే చాలసేపు పట్టెడిది. అదే పద్యమును నిమిషమునకు 78 చుట్లు తిరుగు గ్రామఫోను ప్లేటు కెక్కించునప్పుడు ఒక ప్రక్కకు సుమారు 3 నిమిషములే చోటు. కావున రాగము తగ్గెను, పద్యము నిలిచెను.

1948లో అమెరికాలో లాంగ్‌ప్లే రికార్డు వచ్చి, ఒక ప్రక్కకు 20 నిమిషములకు పైగా చోటిచ్చినను, పాత కొలత పోలేదు. 1967లో డోర్స్ అను అమెరికా బృందమువారి 'లైట్ మై ఫైర్' ఆల్బములో సుమారు 7 నిమిషముల పాట. రేడియోవారికి అనుకూలముగా సింగిలు చేసినప్పుడు నడిమి వాద్యభాగమును తీసివేసి, దానిని సుమారు 3 నిమిషములకు కుదించిరి. అక్కడ పోయినది వాద్యము. నేటి మన తునుకలలో పోవుచున్నది సాహిత్యము. మా యాక్షేపణ యిచ్చటనే.

కుదించుట దోషమని మేమనము. ఘంటసాల వేంకటేశ్వరరావుగారు పాడిన భగవద్గీత రికార్డులో 700 శ్లోకములును లేవు. వందకు పైగా ఏరిన శ్లోకములును, వానికి తెలుగు తాత్పర్యమును గలవు. 1974లో ఆయన పరమపదించిన పిదప వెలువడి అది యింటింట వినబడినది. అచ్చట ఏరినవాడు అర్థమెరిగి ఏరెను; క్రమమును చెడగొట్టలేదు. వినువారికి సారము దక్కెను. ప్రోమోలో నేరునది సారము కాదు, ఎర. చెవికి వెంటనే పట్టు ముక్క యేదో దానినే యేరుదురు. అది తరచుగా పల్లవి. కవి తన భావమును పెంచి, తిప్పి, ముగింపునకు తెచ్చునది చరణములలో గనుక అవి వెలుపలనే నిలిచిపోవును.

దీనివలన నేమి పోవునో మన సీమవాని చిత్రమునుండియే చూపవచ్చును. దెందులూరు మండలములోని సోమవరప్పాడున పుట్టిన ఎల్. వి. ప్రసాదుగారు 1955లో 'మిస్సమ్మ'ను తీసిరి. సాహిత్యము పింగళి నాగేంద్రరావుగారిది, సంగీతము సాలూరు రాజేశ్వరరావుగారిది. అందు 'తెలుసుకొనవే' యని ఒకే వరుసలో రెండు పాటలు గలవు. ఒకటి పి. లీల పాడినది, స్త్రీ తన చెల్లెలికి మగవారి విషయమున జాగ్రత్త చెప్పునది. రెండవది ఎ. ఎం. రాజా పాడినది, ఆ వరుసనే పట్టుకొని పురుషుడు యువతిని హాస్యమాడునది. రెండును గలిసిననే సంవాదము. వేరుగా తీసి ఒకదానినే వినిపించినచో వినువారికి దక్కునది ఒక పక్షపు మాట మాత్రమే. పురుషుని పాటనే వినుచు పెరిగిన పిల్లకు ఆడుదాని మాట యొకటి గలదనియే తెలియదు. పాటను తుంచుట యెట్లు అభిప్రాయమునే తుంచుట యగునో యిచ్చట కనబడుచున్నది.

ఇక నిన్నమొన్నటి యుదాహరణము. చంద్రబోసు రచనయు కీరవాణి సంగీతమును గల 'నాటు నాటు' 2021 నవంబరులో సింగిలుగా వెలువడినది. సినిమా 2022 మార్చి 25న విడుదలయైనది. ఆ నడిమి నాలుగు నెలలకు పైగా జనులు విన్నది సుమారు మూడున్నర నిమిషముల హుషారు పాట. సినిమాలో దాని యర్థము వేరు. తెల్లవాడొకడు మనవానికి నాట్యము రాదని నలుగురిలో అవమానించును. దానికి పల్లెల చిందు జవాబు. సాహిత్యము ముగిసినను పోటీ ముగియదు. తెల్లవారు ఒక్కొక్కరే కూలుదురు. కడకు మిత్రుల యిద్దరిలో నొకడు బుద్ధిపూర్వకముగా ఓడి, రెండవవానికి గెలుపు నిచ్చును. ఆ త్యాగము ఆల్బములో లేదు. ప్రోమోలలో జవాబును లేదు, త్యాగమును లేదు, కాళ్లు మాత్రమున్నవి. 2023 మార్చిలో ఆస్కారు వచ్చినప్పుడు ఆ కాళ్లను చూచియే పొగడినవారును, ఆ కాళ్లను చూచియే తెగడినవారును మనలో లేకపోలేదు. ఇరువురును పూర్తి వస్తువును చూడలేదు.

ఇట్లని సినిమా రూపమే యెల్లప్పుడు ఉత్తమమని మా మతము కాదు. తెరపై సంభాషణకో, నిడివి తగ్గించుటకో చరణమును తీసివేసినచో అది ఆల్బములోనే బ్రతికియుండును. అట్టిచోట ఆల్బమే ప్రమాణము. ఏది ప్రమాణమో పాటనుబట్టి నిర్ణయింపవలెను; చేతికి ముందుగా దొరికినదానినిబట్టి కాదు.

ప్రోమో యంగడి బోర్డు వంటిది, బోర్డును చూచి సరకును నిందించుట వినువాని తప్పని వ్యాపారులు చెప్పవచ్చును. ప్రోమోకు ప్రోమో యని వారు పేరు పెట్టుటయు నిజమే. కాని ఆ తునుక చేతులు మారి, రీలై తిరుగుచుండగా ఆ పేరును, కవి పేరును రాలిపోవుచున్నవి. పాఠశాల వార్షికోత్సవమున పిల్లలు దానికే ఆడుదురు. పెండ్లి ఊరేగింపులో బ్యాండువారు దానినే వాయింతురు. బోర్డే సరకై కూర్చున్నది. ఎన్నడును వినబడని చరణమును శ్రద్ధతో వ్రాయుమని కవిని అడుగుటకు మనకు ముఖమెక్కడిది?

కావున మేము కోరునవి మూడు. విడుదల చేయువారు ప్రతి రూపముపైనను అది యే రూపమో, పూర్తి నిడివి యెంతయో, కవి యెవరో తునుకతో వీడకుండునట్లు ముద్రింపవలెను. విమర్శకులు తాము విన్న రూపమును మొదటి వాక్యముననే చెప్పవలెను. ఇండ్లలో పిల్లలకు పాట నేర్పు తల్లిదండ్రులు రెండవ చరణమును గూడ నేర్పవలెను. మూడవదానికి ఖర్చును లేదు, ఎవరి యనుమతియు నక్కరలేదు. వినువారు రెండవ చరణమును అడుగసాగిన నాడు, అమ్మువారు దానిని దాచుట మానుదురు.