కుండ కొట్టి చూసినట్టు

సంతలో కుండ కొనే ఇల్లాలు దాన్ని చెవి దగ్గర పెట్టుకుని వేలి కణుపుతో కొడుతుంది. ఖంగుమంటే బేరమాడుతుంది, బొంగురుగా పలికితే పక్కన పెట్టేస్తుంది. ఆటోనగర్ లేత్ షాపుల్లో పాత మిస్త్రీలు కొత్త సాన చక్రాన్ని చూసే పద్ధతీ ఇదే. మధ్య చిల్లులో వేలు దూర్చి చక్రాన్ని వేలాడదీస్తారు. స్క్రూడ్రైవర్ పిడితో అంచుకు కాస్త లోపలగా, నాలుగు చోట్ల మెల్లగా తడతారు. ఈ పోలిక ఊరికే పుట్టలేదు. రాపిడి గింజలను మట్టి ఖనిజాలతో కలిపి, అచ్చులో నొక్కి, బట్టీలో కాలిస్తేనే ఆ చక్రం తయారవుతుంది. అదీ ఒక రకం కుండే. లోపలి పగులు కంటికి అందకపోయినా గొంతులో తెలిసిపోతుంది. తడిసిన చక్రం మాత్రం సరిగా పలకదు, ఆరబెట్టి చూడాలి.

కుండ పగిలితే నీళ్లు పోతాయి. ఇది పగిలితే? మన 50 హెర్ట్జ్ కరెంటు మీద బెంచి గ్రైండర్ మోటారు నిమిషానికి దాదాపు 2,850 చుట్లు తిరుగుతుంది. ఆరంగుళాల చక్రం అంచు గంటకు 80 కిలోమీటర్ల వేగంతో పోతుంటుంది. ఊడిన ముక్కా అదే వేగంతో వస్తుంది. అందుకే స్విచ్ వేసిన మిస్త్రీ చక్రానికి ఎదురుగా నిలబడడు. పక్కకు జరిగి, ఒక నిమిషం వట్టినే తిరగనిస్తాడు. మిషన్ తన జబ్బంతా చెప్పుకునేది ఆ నిమిషంలోనే.

స్విచ్ వేయగానే మూలిగి, తిరగకుండా ఉండిపోయిందనుకోండి. వెంటనే ఆపి, ప్లగ్ పీకి, చక్రాన్ని చేత్తో తిప్పాలి. బిగుసుకుంటే బేరింగ్. సులువుగా తిరిగితే, సింగిల్ ఫేజ్ మోటారులో ముందు కండెన్సర్‌నే అనుమానించాలి. మూడు ఫేజుల మోటారైతే ఒక ఫేజు పోయిందేమో చూడాలి. కొందరు కరెంటు ఉండగానే చక్రాన్ని కర్రతో తోసి చూస్తారు, ఆ పని నేను ఎవరికీ చెప్పను. ప్లగ్ పీకాక కూడా కండెన్సర్‌లో కరెంటు నిలిచి ఉంటుందన్నది మరవకూడదు.

అదురు సంగతి ఇంత తేలిక కాదు. అసలు నేర్పు ఇక్కడే కావాలి. ముందు మోటారుకు చెరో వైపు ఉన్న రెండు చక్రాలూ విప్పేసి దాన్ని ఒంటరిగా తిప్పాలి. (ఎడమ వైపు నట్టుది ఎదురు మర. తిరుగుడుకు వదులు కాకుండా అలా పెడతారు. ఇది తెలియని కుర్రాళ్లు విప్పబోయి ఇంకా బిగిస్తారు.) అదురు పోతే తప్పు చక్రానిది, పోకపోతే షాఫ్టుదో బేరింగ్‌దో. బేరింగ్‌ను వినడానికి మంచి సమయం స్విచ్ ఆపేసిన తర్వాతే. మోటారు రొద ఆగిపోయి, షాఫ్టు దానంతటది తిరుగుతూ నెమ్మదించేటప్పుడు బేరింగ్ ఒక్కటే మాట్లాడుతుంది. గరగరమంటే మార్చాల్సిందే.

తప్పు చక్రానిదైతే, ఒక్కొక్కటే ఎక్కించి చూస్తే దొంగ దొరుకుతుంది. చాలాసార్లు కారణం చిన్నది: చక్రానికి రెండు పక్కలా ఉండాల్సిన కాగితపు బిళ్లలను ఎవరో పారేసి ఉంటారు. ఆ మెత్తదనం లేకుండా నట్టును బలంగా బిగిస్తే చక్రం పగిలే ప్రమాదం కూడా ఉంది. ఒకచోట ఎక్కువ అరిగి గుండ్రం తప్పినదాన్ని డ్రెస్సర్‌తో చెక్కి దారికి తెస్తారు.

కోయడం మానేసిన చక్రానికీ డ్రెస్సరే మందు. మొద్దుబారిన గింజలు రాలిపోయి కొత్తవి బయటపడాలి. అరిగే చక్రమే కోస్తుంది. దాని మీద ఇత్తడో అల్యూమినియమో పెడితే మెత్తని లోహం సందుల్లో నిండి, ముఖం నున్నగా మెరుస్తుంది. అప్పుడు కుర్రాడు ఇంకా గట్టిగా అదుముతాడు, వేడెక్కి ఉలి అంచు నీలం తిరుగుతుంది. ఆ నీలం కనిపించిందంటే అక్కడి ఉక్కు పదును చచ్చినట్టే. ఆ మేరకు అరగదీసి పారేయాలి. వడ్రంగి ఉలి ఒక అర అంగుళం ఆయుష్షు అలా పోవడం చూస్తే నాకు ఇప్పటికీ ప్రాణం ఉసూరుమంటుంది.

చక్రం అరిగేకొద్దీ దానికీ ముందున్న ఆనుడు పలకకూ మధ్య సందు పెరుగుతుంది. 3 మిల్లీమీటర్లు దాటితే పనిముక్కను లోపలికి లాగేసుకుంటుంది, వెంట వేళ్లు పోతాయి. నేను పని నేర్చుకున్న షాపులో గ్రైండర్ పక్కనే మేకుకు 3 మిల్లీమీటర్ల రేకు ముక్క ఒకటి వేలాడేది. కొత్తగా చేరిన కుర్రాడికి రోజూ పొద్దున అప్పగించే మొదటి పని, స్విచ్ వేయకముందే ఆ రేకును సందులో దూర్చి చూడటం.