తోస్తే కాదు, తిప్పితే

పది రోజులుగా మా కారు వెనక చక్రం కీచుమంటోంది. సెల్లారులో బ్రేకు తొక్కినప్పుడల్లా వాచ్‌మన్ తలెత్తి చూస్తున్నాడు. చాలా ప్యాడ్లకు ఒక చిన్న ఇనుప రేకు ఉంటుంది. ప్యాడు బాగా అరిగాక అది డిస్కును గీరి కూత పెడుతుంది. మార్చే వేళయిందని చెప్పడానికే దాన్ని అక్కడ పెడతారు.

ఆదివారం పొద్దున్నే పాత లుంగీ కట్టుకుని దిగాను. ముందు చక్రాల ప్యాడ్లు రెండుసార్లు మార్చినవాణ్ణి, వెనకవి ఒక లెక్కా అనుకున్నాను. ముందు టైర్లకు ఇటుకలు అడ్డం పెట్టి, హ్యాండ్ బ్రేకు దించి, బండి నేలమీద ఉండగానే నట్లు వదులు చేశాను. జాకీతో ఎత్తి కింద స్టాండు పెట్టాను. జాకీ బండిని ఎత్తడం వరకే, మోసే పని స్టాండుది. కాలిపర్ విప్పి, బరువు బ్రేకు పైపు మీద పడకుండా స్ప్రింగుకు తీగతో కట్టాను. పాత ప్యాడు మీద రెండు మిల్లీమీటర్ల మందం కూడా మిగల్లేదు.

పేచీ అంతా పిస్టన్ దగ్గర వచ్చింది. కొత్త ప్యాడ్లు మందం కాబట్టి పిస్టన్ లోపలికి వెళ్లి చోటివ్వాలి. ముందు చక్రాలకు చేసినట్టే సీ-క్లాంపు బిగించాను. కదల్లేదు. అరచెయ్యి ఎర్రబడేదాకా బిగించాను. అయినా కదల్లేదు. విజయవాడ ఆటోనగర్‌లో నాన్నగారి కాలం నుంచీ తెలిసిన మెకానిక్‌కు ఫోన్ చేశాను.

"బలం చూపించకు అబ్బాయ్. అది తోస్తే పోదు, తిప్పితే పోద్ది" అన్నాడాయన.

మా కారులో హ్యాండ్ బ్రేకు పనిచేసేది కూడా ఆ పిస్టన్‌తోనే. లోపల ఒక మర ఉంటుంది. ప్యాడు అరిగేకొద్దీ ఆ మర పిస్టన్‌ను ముందుకు జరుపుతూ హ్యాండ్ బ్రేకు వదులు కాకుండా చూస్తుంది. దాన్ని క్లాంపుతో తోస్తే మర దెబ్బతింటుంది. పిస్టన్ ముఖం మీద గాడి అందుకే. అందులో పనిముట్టు ఆనించి, నొక్కిపట్టి కుడివైపుకు తిప్పాను. అరగంట మొరాయించినది సీసా మూతలా మెత్తగా లోపలికి దిగింది. చివర్లో ఆ గాడి, ప్యాడు వెనకున్న బుడిపెకు సరిపోయేలా నిలపాలి. స్విచ్చుతో పడే హ్యాండ్ బ్రేకుల సంగతి వేరు. వాటిని ముందు సర్వీస్ మోడ్‌లో పెట్టనిదే ముట్టుకోకూడదు.

పిస్టన్ వెనక్కి వెళ్తే బ్రేక్ ఆయిల్ డబ్బాలోకి ఎగదన్నుతుంది. కిందటి నెల నిండుగా పోసిన నేను సిరంజీతో కొంత తీయాల్సి వచ్చింది. అది పెయింటు మీద పడితే రంగు ఊడుతుంది. రెండో చక్రం మొదటిది బిగించాకే విప్పాను. ఏ క్లిప్పు ఎటు తిరిగి ఉందో చూసుకోవడానికి ఒకటైనా తెరవకుండా ఉండాలి కదా.

అన్నీ బిగించి, బండి దించి, సీట్లో కూర్చుని బ్రేకు తొక్కాను. పెడలు నేలకు ఆనింది. భయపడాల్సిన పని లేదు. వెనక్కి వెళ్లిన పిస్టన్ ఇంకా ప్యాడును అందుకోలేదంతే. ఏడెనిమిదిసార్లు తొక్కాక గట్టిపడింది. మీరూ ఈ పని చేస్తే, బండి స్టార్టు చేయకముందే పెడలు గట్టిపడేదాకా తొక్కండి. మా సెల్లారులో నా కారుకు ఎదురుగా నాలుగడుగుల దూరంలో గోడ ఉంది.